క్యాబిన్ మౌంటింగ్ బోల్టులు నాలుగు పట్టేశాయి: వేడి చేయాలా, కొయ్యాలా, ఫ్లోరు తెరవాలా?

బాహుదా ఒడ్డు (ఇచ్ఛాపురం)

అందరికీ నమస్కారం. బండి 2013 మోడల్ సింగిల్ క్యాబిన్ డీజిల్ పికప్. డొంకూరు నుంచి బరంపురం మార్కెట్టుకి చేపలు, రొయ్యలు ఐసు పెట్టెల్లో వేసి తిప్పుతున్నాం. పెట్టెల్లోంచి కారే ఉప్పునీరు ట్రే ముందు అంచు నుంచి క్యాబిన్ వెనక గోడ కిందికి, అక్కణ్ణుంచి ఛాసిస్ బ్రాకెట్ల మీదికి చేరుతుంది. క్యాబిన్ కింద రబ్బరు బుష్షులు నలిగిపోయాయి. డ్రైవరు వైపు తలుపు కింది మూల గడపకి రాసుకుంటోంది, గతుకు పడితే గేరు రాడ్డు ఫ్లోరు కన్నం అంచుకి తగులుతోంది. ఆరు చోట్లా బుష్షులు మార్చాలి, దానికి క్యాబిన్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే ఆరు మౌంటింగ్ బోల్టులూ విప్పాలి.

ముందు వైపు రెండు బోల్టులు మామూలుగానే వచ్చేశాయి. తక్కిన నాలుగు ఇలా ఉన్నాయి.

మధ్య కుడి: పావు చుట్టు తిరుగుతుంది, చెయ్యి వదిలితే వెనక్కి వచ్చేస్తుంది.
మధ్య ఎడమ: అసలు కదలదు. నాలుగడుగుల పైపు తొడిగితే సాకెట్టు జారి తల మూలలు అరగడం మొదలైంది.
వెనక కుడి: ఎన్ని చుట్లైనా తేలిగ్గా తిరుగుతుంది గానీ కిందికి దిగదు.
వెనక ఎడమ: తలని తుప్పు తినేసింది, గుండ్రంగా గుమ్మటంలా మిగిలింది. ఏ సాకెట్టూ పట్టదు.

కింద నుంచి మూడు రోజులుగా తుప్పు వదిలే స్ప్రే కొడుతున్నాం, మార్పు లేదు. దగ్గర ఉన్నవి: అర అంగుళం డ్రైవ్ సాకెట్ సెట్టు, 4 అంగుళాల గ్రైండరు, 5 టన్నుల బాటిల్ జాకీ, ఆర్క్ వెల్డింగ్ మిషను, అద్దెకి గ్యాస్ సెట్టు. టైరు షాపు వాళ్ల గాలి గన్ కూడా దొరుకుతుంది. డీజిలు ట్యాంకు ఎడమ వైపు, వెనక బ్రాకెట్టుకి జానెడు దూరంలో ఉంది. అక్కడ గ్యాస్ పెట్టొచ్చా? తిరిగిపోతున్న బోల్టుకి ఫ్లోరు కొయ్యకుండా దారి ఏమైనా ఉందా?

---

పలాస గ్యారేజీ (కాశీబుగ్గ)

ముందు ఆ పైపు పక్కన పడేయండి. 60 కిలోల మనిషి నాలుగడుగుల పైపు చివర బరువు వేస్తే బోల్టు మీద దాదాపు 700 న్యూటన్ మీటర్లు పడుతుంది. ఎం12 (12 మిల్లీమీటర్ల లావు) బోల్టు బిగింపు, దాని బలాన్ని చెప్పే గ్రేడు 8.8 అయితే 80 చుట్టూ, 10.9 అయితే 115 చుట్టూ. అంటే ఆరు నుంచి తొమ్మిది రెట్లు. అంత బలానికి బోల్టు విరుగుతుంది, లేదా లోపల నట్టు ఊడుతుంది. వెనక కుడి బోల్టుకి ఇప్పటికే జరిగింది అదే.

నాలుగూ పట్టేశాయని ఒక్క మాటలో అంటున్నారు గానీ నాలుగూ వేర్వేరు జబ్బులు. లోపల ఏముందో తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. కింద నుంచి పైకి చూస్తే బోల్టు తల, పెద్ద వాషరు, కింది రబ్బరు, ఛాసిస్ బ్రాకెట్టు, పై రబ్బరు, ఆపైన ఫ్లోరు కింద రేకు పెట్టె, ఆ పెట్టె లోపల వెల్డు చేసిన నట్టు. రబ్బర్ల మధ్యలో ఒక ఇనుప గొట్టం ఉంటుంది, దాన్నే స్లీవ్ అంటాం. బోల్టు ఆ స్లీవులోంచి వెళ్తుంది, రెంటికీ మధ్య సందు చాలా తక్కువ. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, తుప్పు ఎప్పుడూ తాను తిన్న ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది. అందుకే ఆ సందు పూడుకుపోయి బోల్టు, స్లీవు ఒకే ముక్క అయిపోతాయి.

తిప్పితే వెనక్కి వచ్చేస్తోందంటే బోల్టు స్లీవుకి పట్టేసింది, రబ్బరు మెలిపడి తిరిగి లాగుతోంది. రాయిలా కదలకుండా ఉంటే నట్టులో త్రెడ్డు (మర) పట్టేసింది. ఊరికే తిరుగుతుంటే నట్టు వెల్డు తెగింది. గుమ్మటం తల సంగతి తల మార్చాకే తెలుస్తుంది.

మీ స్ప్రే ఎందుకు పని చెయ్యలేదంటే, కింద నుంచి కొట్టినది మహా అయితే స్లీవు సగం దాకా ఎక్కుతుంది. పట్టేసిన త్రెడ్డు దానికి పైన, రేకు పెట్టె లోపల ఉంది. నూనె పైనుంచి పొయ్యాలి. సీటు తీసి, మ్యాటు, దాని కింద నార పొర ఎత్తి చూడండి. చాలా బళ్లలో ప్రతి మౌంటింగుకీ సరిగ్గా పైన రూపాయి బిళ్లంత రబ్బరు మూత ఉంటుంది. అది పీకి టార్చి వేస్తే బోల్టు కొస కనబడుతుంది. మూత లేకపోతే కింద బ్రాకెట్టు మధ్య నుంచి గడపకీ, వెనక గోడకీ కొలత తీసుకుని పైన గుర్తు పెట్టి 6 మిల్లీమీటర్ల కన్నం వెయ్యండి. డ్రిల్లు బిట్టుకి 10 మిల్లీమీటర్ల దగ్గర టేపు చుట్టుకోండి, రేకు దాటగానే ఆగాలి. కన్నం వేసే ముందు వైరింగు ఎటు పోతోందో చేత్తో తడిమి చూసుకోండి.

మామూలు డబ్ల్యూడీ-40 కన్నా తుప్పు కోసమే వచ్చే పెనిట్రేటింగ్ ఆయిల్ మేలు. దొరక్కపోతే ఆటోమేటిక్ గేరుబాక్సులో పోసే ఆయిలు, అంటే ఏటీఎఫ్, సగం, ఎసిటోను సగం. ఇవి రెండూ విడిపోతుంటాయి, కాబట్టి పోసే ప్రతిసారీ సీసా కుదపాలి. ఒక్కో బోల్టుకి 5 నుంచి 10 మిల్లీలీటర్లు చాలు, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి, రెండు రోజులు. పోసిన వెంటనే కింద తల మీద సుత్తితో 20, 30 చిన్న దెబ్బలు వెయ్యండి. గట్టి దెబ్బలు వద్దు. ఆ అదురుకే తుప్పులో సన్నని పగుళ్లు పడి నూనె లోపలికి దిగుతుంది.

రెండు రోజుల తర్వాత మధ్య ఎడమ దాంతో మొదలుపెట్టండి. 12 మూలల సాకెట్టు వద్దు, 6 మూలలది కావాలి. ఎం12 బోల్టుకి కంపెనీని బట్టి తల 17 గానీ 18 గానీ 19 గానీ ఉంటుంది, తుప్పు పొరని వైరు బ్రష్షుతో గీకాకే ఏది సరిపోతుందో చూడండి. ముందు బిగించే వైపు రవ్వంత తిప్పండి, తర్వాత విప్పే వైపు. టక్కుమని కదిలిందంటే సంతోషపడి ఒకేసారి లాగేయకండి. పావు చుట్టు విప్పి, అరపావు బిగించి, మళ్లీ పావు చుట్టు. కీచుమని మొదలుపెడితే ఆగి నూనె పొయ్యండి. పొడి తుప్పు త్రెడ్డు మధ్య పిండిలా చేరి ఇరుక్కుంటుంది, సగం దాకా వచ్చిన బోల్టు అక్కడే మళ్లీ పట్టేసి విరిగేది దానివల్లే.

---

సోంపేట బాడీ పని

పైన చెప్పింది సరే. మధ్య కుడి దానికి మాత్రం అంత ఓపిక అక్కర్లేదు. బుష్షు ఎలాగూ పారేసేదే కాబట్టి రబ్బరుని చంపేయండి. హాక్సా బ్లేడుకి గుడ్డ చుట్టి చేత్తో పట్టుకుని, బ్రాకెట్టుకీ బాడీకీ మధ్య పై రబ్బరుని చుట్టూ కోసెయ్యండి. బ్లేడుకి సబ్బు నీళ్లు రాస్తుంటే రబ్బరు పట్టుకోదు. కింది రబ్బరుని ఉలితో చీల్చి లాగేయొచ్చు. రబ్బరు పోతే మెలి పెట్టి వెనక్కి లాగేది ఉండదు, బోల్టూ స్లీవూ కలిసి తిరుగుతూ దిగుతాయి. పైన త్రెడ్డు బాగుందన్నదానికి అదే రుజువు.

అప్పటికీ దిగకపోతే స్లీవుని గ్రైండరుతో నిలువుగా చీల్చండి. గొట్టం గోడ 2, 3 మిల్లీమీటర్లే ఉంటుంది. 1 మిల్లీమీటరు మందం కటింగ్ బిళ్లతో ఒక గీత పెట్టి, ఆ గీతలో ఉలి దింపి కొడితే విచ్చుకుంటుంది. బోల్టు ఒంటి మీద గాటు పడినా నష్టం లేదు, అదీ పారేసేదే.

గాలి గన్ సంగతి: లోపల వెల్డు నట్టు ఉన్న చోట గన్నుని చివరిదాకా పూర్తి బలంతో వాడితే నట్టు అతుకు తెగుతుంది. మొదట చేత్తో కదపండి, కదిలాక గన్ పెట్టండి.

---

పలాస గ్యారేజీ

గన్ విషయంలో నాది కొంచెం వేరే మాట. పొడుగు పైపుతో ఏకబిగిన లాగితే ఆ బలమంతా నట్టు అతుకు మీద నిలకడగా పడుతుంది. గన్ దెబ్బ దెబ్బగా కొడుతుంది, ప్రతి దెబ్బ మధ్యా అతుకుకి ఊపిరి దొరుకుతుంది. రెగ్యులేటరు తగ్గించి, మూడేసి సెకన్లు, ముందుకీ వెనక్కీ మార్చి మార్చి కొడితే పైపు కన్నా గన్నే మేలు. పూర్తి గాలి పెట్టి అరనిమిషం పట్టుకుంటే తెగుతుందన్నది మాత్రం నిజమే. టైరు షాపు వాళ్లకి అలవాటు అదే, కాబట్టి గన్ మీరే పట్టుకోండి. వాడే సాకెట్టు నల్ల ఇంపాక్ట్ సాకెట్టు కావాలి. మెరిసే మామూలు సాకెట్టు పగిలి ముక్క ఎగురుతుంది.

---

గ్యాస్ వెల్డింగు (బరంపురం)

వేడి గురించి అడిగారు కాబట్టి చెప్తాను. జానెడు దూరంలో ట్యాంకు పెట్టుకుని మంట వెలిగించకూడదు. తడి గోనె సంచి కప్పితే చాలు అనేవాళ్ల మాట వినకండి. ట్యాంకు నాలుగు బోల్టులూ, రెండు పైపులూ విప్పి దించి దూరంగా పెట్టండి, ఒక పూట పని. డీజిలు ఖాళీ చేసేశాం కదా అని ట్యాంకుని అక్కడే ఉంచడం ఇంకా ప్రమాదం. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకులో ఆవిరి ఎక్కువ, పేలేది ఆవిరే. పైపుల కొసలకి మూతలు పెట్టండి. బ్రేకు పైపు, వైరింగు గుత్తి ఛాసిస్ లోపలి అంచు వెంట పోతుంటాయి, వాటి క్లిప్పులు విప్పి ఒక అడుగు పక్కకి కట్టండి.

ఎసిటోను కలిపిన నూనె పోసిన చోట వెంటనే మంట పెట్టకూడదు, భగ్గుమంటుంది. గుడ్డతో తుడిచి, ఒక రాత్రి గాలికి వదిలి, మర్నాడు పొద్దున వేడి పెట్టండి. బ్రేక్ క్లీనరు స్ప్రేతో తుడిచి వెల్డింగ్ చెయ్యడం ఇంకా పెద్ద తప్పు. కొన్నిట్లో క్లోరిన్ ఉన్న ద్రావకం ఉంటుంది, ఆర్క్ వేడికి అది విషవాయువు అవుతుంది. ఒక బకెట్టు ఇసుక, ఒక బకెట్టు నీళ్లు, పొడి రకం ఫైరు సిలిండరు, పక్కన ఒక మనిషి. పని అయ్యాక గంటసేపు అక్కణ్ణుంచి కదలకండి, నార పొరలో నిప్పు పొగ లేకుండా రగులుతుంది.

వేడి ఎక్కడ పెట్టాలన్నది దాని కన్నా ముఖ్యం. చాలామంది కింద బోల్టు తలకి మంట పెడతారు. తల ఎర్రబడేసరికి రబ్బరు కాలి నల్లగా కారుతుంది, పైన నట్టు మాత్రం చల్లగానే ఉంటుంది. పైగా వేడెక్కిన బోల్టే ఉబ్బి ఇంకా బిగుస్తుంది. వేడెక్కాల్సింది నట్టు. అది పైనుంచే, ఫ్లోరు కన్నంలోంచి. సన్న నాజిలు, మంట చుట్టూ తిప్పుతూ, నట్టు మసక ఎరుపు వచ్చేదాకా. ఎండలో ఆ ఎరుపు కనబడదు, షెడ్డు నీడలో చెయ్యండి. ఎరుపు పోయి నలుపు తిరిగేటప్పుడు మైనపు ఒత్తి త్రెడ్డుకి ఆనించండి. మైనం కరిగి సందులోకి పీల్చుకుంటుంది. అప్పుడు తిప్పండి.

వెనక ఎడమ గుమ్మటం తలకి: వైరు బ్రష్షుతో మెరిసేదాకా గీకండి. ఎం12 నట్టు ఒకటి, గ్రైండరుతో దాని జింకు పూత తీసేసి, తల మధ్యలో కూర్చోబెట్టి లోపల కన్నం నిండా వెల్డు పొయ్యండి. 2.5 మిల్లీమీటర్ల రాడ్డు, 80 ఆంపియర్ల చుట్టూ. ముందు కన్నం అడుగున పాత తలతో అతుక్కోవాలి, తర్వాత పైదాకా నింపాలి. బయట చుట్టూ మాత్రమే అతుకేస్తే మొదటి లాగుడికే ఊడొస్తుంది. వెల్డింగుకి ముందు బ్యాటరీ రెండు వైర్లూ తీసెయ్యండి, ఇంజను కంప్యూటరు ఉన్న బండైతే దాని ప్లగ్గు కూడా. ఎర్తు క్లాంపు అదే బ్రాకెట్టుకి పెట్టండి. దూరంగా చక్రం దగ్గర పెడితే కరెంటు బేరింగుల్లోంచి పోతుంది.

వెల్డు ఎర్రదనం పోయాక, నీటి చుక్క వేస్తే చుయ్‌మనే వేడిలోనే పానా పెట్టండి. ఆ వేడి బోల్టుని స్లీవు నుంచి వదులు చేస్తుంది. ఒకసారి ఊడితే మళ్లీ వెయ్యండి, మూడోసారికి వచ్చినవి ఎన్నో ఉంటాయి.

---

బాహుదా ఒడ్డు (ఇచ్ఛాపురం)

అందరికీ ధన్యవాదాలు. మ్యాటు ఎత్తి చూశాం. మధ్య రెండింటికీ రబ్బరు మూతలు ఉన్నాయి. వెనక రెండింటికీ లేవు, అక్కడ ఫ్లోరు పైన ఇంకో అడ్డ రేకు అతికి ఉంది. ట్యాంకు దించేస్తున్నాం. ఇప్పుడు వెనక కుడి గురించి చెప్పండి. ఎంత కొయ్యాలి, మళ్లీ ఎలా మూయాలి? బోల్టునే కోసేస్తే పని తేలిక కాదా?

---

సోంపేట బాడీ పని

బోల్టుని కొయ్యడం తేలికే. కానీ కొత్త బోల్టు ఎక్కించాలంటే నట్టు కావాలిగా. ఆ ఊడిన నట్టు లోపల దొర్లుతూ ఉంటే ఎలాగూ ఫ్లోరు తెరవాలి. తెరిచేదేదో ముందే తెరిస్తే బోల్టు కొయ్యకుండానే వస్తుంది.

కొలతలు చెప్తాను. బోల్టు కేంద్రం పైన గుర్తు పెట్టుకుని చుట్టూ 70 మిల్లీమీటర్ల చదరం గీయండి. నాలుగు వైపులా కొయ్యకండి. మూడు వైపులే కోసి, నాలుగో వైపు గ్రైండరుతో సగం మందం గీత పెట్టి, పుస్తకం అట్టలా పైకి వంచండి. తర్వాత అదే రేకు వెనక్కి వంచి అతికితే వంపు, కొలత కుదురుతాయి. వంచే మడత వెనక గోడ వైపు ఉండాలి, అప్పుడే చెయ్యి ముందు నుంచి దూరుతుంది. అడ్డ రేకు దలసరిగా ఉంటే ముందు స్పాట్ వెల్డు చుక్కల్ని చూసి 8 మిల్లీమీటర్ల బిట్టుతో పై రేకు వరకే తొలవండి, మొత్తం కొయ్యనక్కర్లేదు. ఫ్లోరు రేకు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది, గ్రైండరు బిళ్ల లోతు చూసుకోండి. లోపల నట్టు పంజరం (కొన్ని బళ్లలో నట్టుని పట్టి ఉంచే రేకు గూడు) పైకప్పు తగిలిందంటే చప్పుడు మారుతుంది, రేకు కోసేటప్పటి గలగల పోయి బరువైన మోత వస్తుంది. అక్కడ ఆపండి.

తెరిచాక నట్టు ఎలా ఉందో చూడండి. రేకు పంజరంలో వదులుగా కూర్చునే రకమైతే పంజరం చెవులు వంగిపోయి ఉంటాయి. నేరుగా అతికిన రకమైతే అతుకు ఊడిన చోట మెరుపు కనబడుతుంది. రెంటికీ ఒకటే పని: పైనుంచి రింగు పానా దింపి గోడకి ఆనించి పట్టుకుని, కింద నుంచి మరో మనిషి విప్పాలి. పానా దూరకపోతే లాకింగ్ ప్లయరు (వైస్ గ్రిప్పు), అదీ పట్టకపోతే నట్టుకి ఒక అంగుళం ఇనప పట్టీ ముక్క చిన్న చుక్కతో వెల్డు చేసి ఆ పట్టీ గోడకి ఆనేలా చూడండి.

పాత నట్టు మళ్లీ వాడొద్దు. 6 మిల్లీమీటర్ల పట్టీ 40×60 ముక్క కోసి, మధ్యలో 13 మిల్లీమీటర్ల కన్నం వేసి, పైన కొత్త నట్టు మూడు వైపులా అతికించండి. నట్టు మీ కొత్త బోల్టు గ్రేడుకి తగ్గది కావాలి: 8.8 బోల్టుకి 8 అని గుర్తున్న నట్టు, 10.9 కి 10 గుర్తున్నది. వెల్డు చేసేటప్పుడు పాత బోల్టు ఒకటి నట్టులో చేత్తో రెండు చుట్లు ఎక్కించి ఉంచితే నట్టు వంకర పోదు, త్రెడ్డులో వెల్డు చుక్కలు పడవు. చల్లారాక త్రెడ్డు శుభ్రం చేసే ట్యాపు ఒకసారి తిప్పండి. ఆ పట్టీని రేకు పెట్టెకి గట్టిగా అతికేయకండి, రెండు చిన్న చుక్కలు చాలు. క్యాబిన్ దించి కొత్త బోల్టు చేత్తో ఎక్కించి చూశాక, బోల్టు సూటిగా ఉందనుకున్నాకే పూర్తి అతుకు. కంపెనీ బోల్టులు బ్రాకెట్టు కన్నంలో కొంచెం అటూ ఇటూ జరిగేలా వదులు ఉంచుతారు, మనం దాన్ని పోగొడితే తలుపు సందు సర్దడానికి చోటు ఉండదు.

మూయడం: రేకు వెనక్కి వంచి, అంగుళానికి ఒక చుక్క చొప్పున అతికి, గ్రైండు చేసి, జింకు ప్రైమరు రెండు పూతలు, అది ఆరాక సీము సీలెంటు. లోపల వైపు ప్రైమరు వెల్డుకి కాలిపోతుంది కాబట్టి పక్కన 10 మిల్లీమీటర్ల కన్నం ఒకటి ఉంచి దాన్లోంచి మైనం రకం రస్ట్ ప్రూఫ్ కొట్టి రబ్బరు మూత పెట్టండి. తర్వాత ఎప్పుడైనా నూనె పొయ్యడానికి కూడా అదే దారి.

---

పర్లాకిమిడి లేత్

గుమ్మటం తల ఎన్నిసార్లు వెల్డు చేసినా ఊడితే, లేదా మధ్య ఎడమ బోల్టు విరిగితే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. తల కోసేయండి. వాషరు, కింది రబ్బరు రాలిపోతాయి. క్యాబిన్ ఎత్తగానే బోల్టు మోడు ఫ్లోరు కింద నుంచి వేలాడుతుంది. స్లీవు అంటుకుని ఉంటే చీల్చి తీసేయండి, ఆ మోడు నాలుగైదు సెంటీమీటర్లు దొరుకుతుంది, వైస్ గ్రిప్పుకి అది చాలా ఎక్కువ. ఇప్పుడు కింద రబ్బరు లేదు కాబట్టి వేడి ఎంతైనా పెట్టొచ్చు.

మోడు కూడా నట్టు అంచుకి విరిగితే అప్పుడు డ్రిల్లు. సెంటర్ పంచ్ సరిగ్గా మధ్యలో పడకపోతే తర్వాత పనంతా వృథా, కాబట్టి ముందు విరిగిన ముఖాన్ని చదును చేసుకోండి. 5 మిల్లీమీటర్ల కోబాల్టు బిట్టు, తక్కువ వేగం, చుక్క చుక్క నూనె, గట్టి ఒత్తిడి. వేగం పెంచితే బోల్టు ఉపరితలం మాడి గట్టిపడి బిట్టు జారుతుంది. తర్వాత 8, ఆపైన ఎం12×1.75 త్రెడ్డైతే 10.2, ఎం12×1.25 అయితే 10.8. ఎం10 బోల్టులైతే 1.5 పిచ్‌కి (పిచ్ అంటే పక్కపక్క మరల మధ్య దూరం) 8.5, 1.25 పిచ్‌కి 8.8. పిచ్ గేజు పెట్టకుండా ఊహతో పోకండి, వచ్చేసిన ముందు బోల్టుల మీద కొలిస్తే సరి.

బోల్టు లోపల దూర్చి విప్పే ఎక్స్‌ట్రాక్టరు జోలికి మాత్రం వెళ్లకండి. అది చాలా గట్టి ఉక్కు, వంగదు, విరుగుతుంది. విరిగితే దాన్ని ఏ మామూలు బిట్టూ తొలవలేదు. తుప్పుకి పట్టేసిన బోల్టు తలే విరిగే బలానికి ఊడలేదంటే దానికన్నా సన్నగా ఉన్న ఎక్స్‌ట్రాక్టరు ఎలా ఊడదీస్తుంది?

---

పలాస గ్యారేజీ

క్యాబిన్ ఎత్తే ముందు ఒక మాట. బోల్టులు వచ్చేశాయి కదా అని నేరుగా జాకీ వెయ్యకండి. ఒక వైపు మూడు బోల్టులు పూర్తిగా తీసి, రెండో వైపువి రెండు, మూడు చుట్లు వదులు చేసి ఉంచండి. ఆ వైపు క్యాబిన్ మడత బందులా ఆనుకుని ఉంటుంది, పక్కకి జారదు. స్టీరింగు రాడ్డు జాయింటు, గేరు రాడ్డు రబ్బరు, హ్యాండు బ్రేకు కేబులు, క్యాబిన్ నుంచి ఛాసిస్‌కి పోయే ఎర్తు పట్టీ ఇవి విప్పారో లేదో చూడండి. రేడియేటరు బాడీకి బిగించి ఉండే బండైతే ఫ్యాను రెక్క దాని కవరుకి తగులుతుంది, అది పగిలే చప్పుడు వినే దాకా ఎవరికీ గుర్తు రాదు. కవరు ముందే విప్పండి.

జాకీ మీద 2 అంగుళాల దలసరి చెక్క, అది గడప కింద దలసరి అంచు పొడుగునా ఆనాలి. ఫ్లోరు మధ్యలో జాకీ పెడితే రేకు గుంట పడుతుంది. బుష్షు మార్చడానికి 40, 50 మిల్లీమీటర్లు చాలు. ఎత్తిన వెంటనే బ్రాకెట్టు పక్కన చెక్క దిమ్మలు పెట్టి, అప్పుడే చెయ్యి లోపల పెట్టండి. బాటిల్ జాకీ సీలు ఎప్పుడు జారుతుందో చెప్పలేం.

బ్రాకెట్టు కూడా చూడండి. సుత్తి మొనతో చుట్టూ కొట్టి చూస్తే మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది దబ్బుమంటుంది, పొరలు రాలుతుంది. వేలుతో నొక్కితే దిగిపోయే బ్రాకెట్టు మీద కొత్త బుష్షు పెట్టి లాభం లేదు, ముందు దాన్ని మార్చాలి.

కొత్త సామాను: ఆరు బోల్టులూ, ఆరు స్లీవులూ, వాషర్లూ కొత్తవే. పాత స్లీవు పొడుగు మిల్లీమీటరు తక్కువైనా రబ్బరు ఎక్కువ నలుగుతుంది, అందుకే స్లీవులు కొలిచి తెచ్చుకోండి. వేడి చూసిన బోల్టుని మళ్లీ వాడొద్దు, దాని బలం పోతుంది. బరంపురంలో దొరక్కపోతే శ్రీకాకుళం, లేదా విశాఖ ఆటోనగరు. ఒడియా దుకాణంలో అడిగేటప్పుడు తుప్పుని కళంకి అంటే తెలుస్తుంది, బుష్షుని బుష్షే అంటారు.

స్టీలు బోల్టులు వేస్తే మళ్లీ పట్టవు కదా అని కొందరంటారు, వద్దు. మామూలుగా దొరికే ఏ2-70 స్టెయిన్‌లెస్ బోల్టు 700 మెగాపాస్కల్స్ బలమే, 10.9 బోల్టు 1000. పైగా ఉప్పునీటిలో స్టెయిన్‌లెస్ పక్కన ఉన్న మామూలు ఇనుప బ్రాకెట్టు ఇంకా త్వరగా తినబడుతుంది. పాత బోల్టు తల మీద ఏ గ్రేడు ఉంటే అదే, జింకు పూత ఉన్నది.

బోల్టు త్రెడ్డుకీ, స్లీవులో తగిలే ఒంటికీ పట్టేయకుండా రాసే రాగి లేదా నికెలు యాంటీ సీజ్ పేస్టు పలచగా. అది రాస్తే రాపిడి తగ్గి అదే టార్కుకి (తిప్పే బలానికి) బోల్టు ఎక్కువ సాగుతుంది, కాబట్టి వర్క్‌షాపు పుస్తకంలో పొడి త్రెడ్డుకి ఇచ్చిన అంకె నుంచి 20 నుంచి 30 శాతం తగ్గించి బిగించండి. రబ్బరుకి గ్రీజు, డీజిలు, ఇంజనాయిలు తగలకూడదు, ఉబ్బి మెత్తబడుతుంది. జారాలంటే సబ్బు నీళ్లు లేదా సిలికాన్ గ్రీజు.

---

బాహుదా ఒడ్డు (ఇచ్ఛాపురం)

మధ్య రెండూ వచ్చేశాయి. కుడిది రబ్బరు కోశాక స్లీవుతో కలిసి దిగింది. ఎడమది మూత కన్నంలోంచి రెండు రోజులు నూనె, తర్వాత తగ్గించిన గాలితో గన్. వెనక ఎడమ నట్టు రెండోసారి వెల్డుకి పట్టింది, త్రెడ్డు బాగానే ఉంది, ట్యాపు తిప్పాం. వెనక కుడి పక్క ఫ్లోరు తెరిచాం, పంజరం చెవి ఒకటి విరిగి ఉంది. పట్టీ నట్టు రేపు. బిగించే వరస ఏమిటి? ఐసు నీళ్లకి ఏం చెయ్యాలి?

---

పలాస గ్యారేజీ

ఆరు బోల్టులూ చేత్తో పూర్తిగా ఎక్కేదాకా పానా పెట్టకండి. ఒక్కటి బిగించేస్తే తక్కినవాటి కన్నాలు జరిగిపోతాయి. అన్నీ చేతి బిగువు అయ్యాక తలుపులు వేసి సందు చూసుకుని, క్యాబిన్‌ని పక్కకి నెట్టి సర్ది, మధ్యవి, తర్వాత వెనకవి, చివర ముందువి, ఎదురెదురుగా. మొదట సగం టార్కు, తర్వాత పూర్తి. 500 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మళ్లీ టార్కు రెంచి పెట్టి చూడండి, కొత్త రబ్బరు కూర్చుంటుంది.

---

సోంపేట బాడీ పని

ఐసు నీళ్లకి: ట్రే ముందు అంచుకి లోపల వైపు అంగుళంన్నర అల్యూమినియం యాంగిలు అతికి సీలెంటు వేస్తే నీళ్లు క్యాబిన్ వైపు రావు. వెనక మూలల్లో రెండు కన్నాలు వేసి, అర అంగుళం గొట్టం బిగించి వెనక మడ్‌గార్డు దాటేదాకా కిందికి దించండి, ఛాసిస్ మీద ఒక్క చుక్క పడకూడదు. బరంపురంలో సరుకు దింపిన రోజు రోజూ మంచినీళ్లతో బ్రాకెట్లు కడగాలి, ఉప్పు బోరు నీళ్లతో కాదు. మీ తీరం పక్కన బోరు నీళ్లే ఉప్పు. పీడనం గన్ను బుష్షు మీదికి నేరుగా పెట్టకండి, నీళ్లు స్లీవులోకి ఎక్కుతాయి. ప్రతి వర్షాకాలం ముందు పై మూతలు పీకి ఒక్కో బోల్టు కొసకీ కొంచెం మైనం రకం రస్ట్ ప్రూఫ్ కొట్టండి. పట్టీ నట్టుకి పూర్తి అతుకు వేసే ముందు ఫోటో పెట్టండి, బోల్టు సూటిగా ఉందో చూసి చెప్తాను.